ఆదివారం నుమాయిష్‌కి ఐదుగురం: కారులో వెళ్లాలా, మెట్రోలోనా?

నల్లగండ్ల_నివాసి:

ఈ ఆదివారం హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్‌కి, అదే నుమాయిష్‌కి, వెళ్లాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది, నా ఓటు ఎవరూ అడగలేదు. మొత్తం ఐదుగురం. నేను, మా ఆవిడ, మా మరదలు, ఐదేళ్ల బాబు, మా అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే మెల్లమెల్లగా ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లు కనిపిస్తే మాత్రం ఆగిపోతుంది. బాబు ఎనిమిదిన్నర దాటితే ఎక్కడుంటే అక్కడే నిద్రపోతాడు, ఆ తర్వాత వాణ్ని మోసేది నేనే.

కారు ఉంది, చిన్నదే. ఆఫీసులో అడిగితే సగం మంది "ఆదివారం పూట నాంపల్లికి కారా, పిచ్చా నీకు" అన్నారు, మిగతా సగం "పెద్దావిణ్ని తీసుకెళ్లి అమీర్‌పేట మెట్రో తోపులాటలో పడేస్తావా" అన్నారు. రెండూ నిజమే అనిపిస్తోంది, టెన్షన్ అంతా అక్కడే. ఇంటి నుంచి గచ్చిబౌలి, మెహిదీపట్నం మీదుగా నేరుగా కారులోనే వెళ్లి ఎక్కడో ఒకచోట పార్క్ చేయడం ఒక దారి. మియాపూర్ దాకా కారులో వెళ్లి అక్కడ పెట్టేసి మెట్రో ఎక్కడం ఇంకోటి. లింగంపల్లి స్టేషన్ మాకు దగ్గరే కాబట్టి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఆలోచనలో ఉంది. పైగా అమ్మ ఈసారి ఆవకాయకి జాడీలు కొనాలంటోంది, ఒకటి కాదు, మూడో నాలుగో. వద్దంటే వినే మనిషి కాదు.

డబ్బుల గురించి పెద్ద పట్టింపు లేదు. రాత్రి పదిన్నరకి రోడ్డు మీద నిలబడి అందరి చేతా తిట్లు తినే ఓపిక మాత్రం లేదు. ఈ సీజన్లో వెళ్లొచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్_దాదా:

మెట్రో. ఇందులో ఆలోచించడానికి ఏముందన్నా. మియాపూర్, ఎగ్జిబిషన్ దగ్గరుండే గాంధీభవన్ స్టేషన్ రెండూ మెట్రో రెడ్ లైన్ మీదే, మధ్యలో మారే పనే లేదు. దిగి రోడ్డు మీదకి వస్తే ఎగ్జిబిషన్ దీపాలు కనిపిస్తాయి. నువ్వు కారులో మెహిదీపట్నం దాటేలోపు మేము లోపల మిర్చి బజ్జీ తినేసి రెండో ప్లేటు చెప్పి ఉంటాం.

కేపీహెచ్‌బీ_శ్రీమతి:

పై తమ్ముడు ఒక్కడే వెళ్లే రకంలా ఉన్నాడు, చేతిలో ఫోన్ తప్ప ఏమీ ఉండదు. మేము ఇద్దరు పిల్లలతో, మా అత్తగారితో మెట్రోలోనే వెళ్తాం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

వెళ్లేటప్పుడు మీకు మెట్రో నిజంగానే హాయి. మియాపూర్ మొదటి స్టేషన్, బండి ఖాళీగా వచ్చి నిలబడుతుంది. నిండినట్టు కనిపిస్తే ఆ బండి వదిలేసి తర్వాతదానికి తలుపు దగ్గర ముందు నిలబడండి, అందరికీ సీట్లు దొరుకుతాయి. మా కేపీహెచ్‌బీ వచ్చేసరికే సగం నిండిపోతుంది, ఇక అమీర్‌పేటలో బ్లూ లైన్ జనం కలిసినప్పుడు మీరు కూర్చుని ఉన్నారా లేదా అన్నదే తేడా. లిఫ్టులున్నాయి, రోడ్డు నుంచి టికెట్ల అంతస్తుకి ఒకటి, అక్కణ్నించి ప్లాట్‌ఫాం మీదకి ఇంకొకటి. పెద్దవాళ్లుంటే ఎస్కలేటర్ జోలికి పోకండి, మా అత్తగారు మొదటి మెట్టు దగ్గర కాలు ముందుకి పెట్టి వెనక్కి తీసి, మళ్లీ పెట్టి, ఈలోపు వెనక ఇరవై మంది ఆగిపోయి నన్ను చూస్తారు. లిఫ్టు దగ్గర కాసేపు ఆగాల్సొచ్చినా అదే నయం.

బండికి ఉండేవి మూడే పెట్టెలు, అందులో ఆడవాళ్లకి విడిగా చోటుంటుంది. ముగ్గురు ఆడవాళ్లనీ అందులో ఎక్కించి మీరు బాబుతో పక్క పెట్టెలో ఎక్కొచ్చు, కానీ దిగేది నాంపల్లిలో కాదు, దాని తర్వాత వచ్చే గాంధీభవన్‌లో అని ముందే గట్టిగా చెప్పండి. రెండు స్టేషన్లూ పక్కపక్కనే, నాంపల్లి ఎగ్జిబిషన్ అన్న పేరు విని చాలామంది కంగారుగా నాంపల్లిలో దిగేస్తారు. అక్కణ్నించి నడిచినా వస్తుంది గానీ మీ అమ్మగారికి ఆ నడక ఎందుకు.

బాబుకి టికెట్ ఉండదని అనుకోకండి. 90 సెంటీమీటర్లు దాటని పిల్లలకే ఉచితం, ఐదేళ్ల పిల్లాడు ఎప్పుడో దాటేసి ఉంటాడు.

అసలు కష్టమంతా తిరిగొచ్చేటప్పుడు. తొమ్మిదిన్నర, పది మధ్యలో అందరూ ఒకేసారి బయటికొస్తారు, టికెట్ కౌంటర్ దగ్గర వరస కింది దాకా వస్తుంది. వాట్సాప్‌లో టికెట్ తీసుకోవచ్చు కదా అంటారు, లోపల ఆ జనంలో ఫోన్ సిగ్నల్ ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. ఇంట్లో ఉన్న మెట్రో కార్డులన్నీ ముందురోజే రీఛార్జి చేసి పెట్టుకోండి, మనిషికో కార్డు కావాలి. మియాపూర్ వైపు వచ్చే బండి ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వస్తుంది కాబట్టి గాంధీభవన్‌లో ఖాళీగా ఏమీ ఉండదు. నిద్రపోయిన పిల్లాణ్ని భుజాన వేసుకుంటే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు, ఆ మాత్రం మర్యాద మన ఊళ్లో ఇంకా ఉంది.

స్టీరింగ్_నాదే:

అందరూ మెట్రో మెట్రో అంటున్నారు, ఒకసారి లెక్క వేద్దాం. 2025 మేలో ఛార్జీలు పెంచారు, గరిష్ఠ టికెట్ 60 నుంచి 75 చేసి, జనం గోల చేశాక కాస్త తగ్గించి 69కి తెచ్చారు. మియాపూర్ నుంచి గాంధీభవన్ అంటే మనిషికి 60 చుట్టుపక్కల పడుతుంది. ఐదుగురికి రానూపోనూ 600. మియాపూర్‌లో కారు పెట్టినందుకు మళ్లీ పార్కింగ్ డబ్బులు, అక్కడి దాకా వెళ్లడానికి పెట్రోలు. అదే నల్లగండ్ల నుంచి నాంపల్లికి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, రానూపోనూ యాభై, ట్రాఫిక్‌లో మైలేజీ పన్నెండే అనుకున్నా నాలుగు లీటర్ల పైచిలుకు, లీటరు 107 లెక్కన 450 అనుకోండి. పార్కింగ్‌కి వందో నూట యాభయ్యో వేసుకున్నా లెక్క సమానం. ఒక్కడివైతే మెట్రో, ఇంటిల్లిపాదీ వెళ్తుంటే కారు, నేను నమ్మేది ఇదే.

డబ్బు పక్కన పెట్టండి. జాడీలన్నారు కదా. నాలుగు పింగాణీ జాడీలు గడ్డీ పేపరూ చుట్టి ఇస్తే ఒక్కోటీ ఎంత లావు అవుతుందో తెలుసా? అవి చేతిలో పట్టుకుని, పిల్లాణ్ని భుజాన వేసుకుని, అమ్మ చేయి పట్టుకుని మెట్రో ఎక్కడానికి మీకు ఎన్ని చేతులున్నాయి? కారు డిక్కీలో పడేస్తే అయిపోయే పని. పిల్లాడు వెనక సీట్లో పడుకుంటాడు, అమ్మ కాళ్లు చాపుకుంటుంది. ఇంటి గుమ్మం ముందు దిగుతారు. దీనికి మించిన సుఖం ఏముంది.

గోషామహల్_పాతకాపు:

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా మా గల్లీలో మా బండి మాకు బయటికి రాదు, కాబట్టి ఈ విషయంలో నాకు మాట్లాడే హక్కు ఉందనుకుంటా.

స్టీరింగ్ గారు చెప్పిన సుఖం నిజమే, కానీ అది కారు బయటికొచ్చాక మొదలయ్యే సుఖం. కారు బయటికి రావడం అనేది వేరే కథ. ఇక్కడ పార్కింగ్ ఎలా ఉంటుందో చెప్తా. పోలీసులు చూపించే పార్కింగ్ స్థలాలు ఉంటాయి, అవి ఆదివారం సాయంత్రం ఐదున్నరకల్లా నిండిపోతాయి. తర్వాత వచ్చిన వాళ్లందరినీ ఖాళీ ప్లాట్లలోకి, మూసిన దుకాణాల ముందుకి చేతిలో టార్చ్ పట్టుకున్న కుర్రాళ్లు పిలుస్తారు. రేటు వాళ్ల నోటికి ఎంతొస్తే అంత, మంగళవారం ఒకటి, ఆదివారం ఒకటి. చీటీ అడిగితే నవ్వుతారు. సరే, ఇచ్చేశావు. నీ వెనక ఇంకో కారు పెట్టిస్తారు, దాని వెనక ఇంకోటి. నువ్వు తొమ్మిదింటికి వచ్చేసరికి వెనక కారాయన లోపల హలీం తింటూ ఉంటాడు. అద్దం మీద ఫోన్ నంబరు ఉంటుంది, చేస్తే మోగుతుంది, ఆ మైకుల గోలలో ఆయనకి వినపడదు. బాబు నీ భుజం మీద నిద్ర, అమ్మ ఎవరిదో మెట్టు మీద కూర్చుని ఉంటుంది. మా ఇంటి అరుగు మీద ఇలా కూర్చున్న వాళ్లకి మా అమ్మ మంచినీళ్లిస్తూనే ఉంటుంది.

కారులోనే వస్తానంటే రండి, కానీ పద్ధతిగా రండి. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ట్రాఫిక్ మళ్లింపులు ఉంటాయి. మొజంజాహీ మార్కెట్ వైపు నుంచి నాంపల్లికి తిప్పుదామంటే అబిడ్స్ వైపు తోలేస్తారు, ఒకసారి అందులో పడ్డారంటే చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తారు. ఫోన్లో మ్యాప్‌కి ఆ మళ్లింపులు వెంటనే తెలియవు, అది పాత దారే చూపిస్తూ ఉంటుంది. మీరు మెహిదీపట్నం నుంచి వస్తారు కాబట్టి మాసాబ్‌ట్యాంక్ వైపు పోకుండా ఆసిఫ్‌నగర్, మల్లేపల్లి, ఆగాపురా, దారుస్సలాం మీదుగా రండి. గోషామహల్ వైపు కూడా గేటుంది, అజంతా గేటు దగ్గరున్నంత తొక్కిడి ఇక్కడ ఉండదు. నాలుగింటికి తెరుస్తారు, మీరు నాలుగుంపావుకల్లా కారు పెట్టేసి, ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టేసి, ఎనిమిదిలోపు బయటికొచ్చేస్తే కారు తప్పేమీ కాదు. ఆరింటికి ఇంట్లో బయల్దేరి కారులో వచ్చే వాళ్లతోనే మాకు బాధ.

ఒక విన్నపం. ఎవరి గేటు ముందూ పెట్టకండి. 2019 జనవరిలో ఇక్కడే స్టాళ్లు తగలబడ్డాయి, ఆ రాత్రి మంటలు చూసిన వాళ్లకి గల్లీలో అడ్డంగా పెట్టిన కారు చూస్తే ఒళ్లు మండుతుంది. ఫైరింజన్ పట్టేంత సందు ఉంచండి, అంతకంటే అడగం.

నల్లగండ్ల_నివాసి:

వామ్మో, చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థాంక్స్. ముఖం రోడ్డు వైపు తిప్పి పెట్టడం అన్నది నాకు తట్టనే లేదు. ఎంఎంటీఎస్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? లింగంపల్లి నుంచి నేరుగా నాంపల్లికే వస్తుంది కదా, పైగా ఐదారు కిలోమీటర్లు ఎదురు తిరిగి మియాపూర్ వెళ్లే పని తప్పుతుంది.

పట్టాల_పిచ్చోడు:

ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నా. ఎంఎంటీఎస్ 2003 నుంచి నడుస్తోంది, అయినా ఈ ఊళ్లో సగం మందికి అది ఉందనే గుర్తుండదు. మీ అమ్మగారి మోకాళ్లకి నాంపల్లి స్టేషన్ అంత మంచి స్టేషన్ ఇంకోటి లేదు. అది ఆఖరి స్టేషన్, పట్టాలు అక్కడితో అయిపోతాయి, బండి దిగి ప్లాట్‌ఫాం వెంట చివరిదాకా నడిస్తే నేరుగా బయటికొచ్చేస్తారు, వంతెన ఎక్కే పని లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌కి అలవాటుపడ్డ వాళ్లు ఇది నమ్మరు. అక్కణ్నించి ఎగ్జిబిషన్ పది పదిహేను నిమిషాల నడక, అమ్మగారితో అయితే ఇంకాస్త, లేదంటే స్టేషన్ బయట ఆటో. టికెట్ ఖర్చు గురించి చెప్పనక్కర్లేదు, మెట్రోలో ఒకరికయ్యే డబ్బుతో మీ ఇంటిల్లిపాదీ వచ్చేస్తారు.

ఇప్పుడు చేదు సంగతి. ఆదివారాల్లో బండ్లు తక్కువ. రాత్రి పూట రెండు బండ్ల మధ్య ఖాళీ పెద్దగా ఉంటుంది, ఒకటి తప్పితే ప్లాట్‌ఫాం మీద కూర్చోవాల్సిందే, అప్పుడు బాబు, జాడీలు, అమ్మ అందరూ మీవైపే చూస్తారు. దూరపు రైళ్లకి దారివ్వడానికి మధ్యలో ఆపేస్తారు కూడా. అందుకని నా మాటేమిటంటే వెళ్లేటప్పుడు ఎంఎంటీఎస్‌లో వెళ్లండి, మధ్యాహ్నం బండి చూసుకుని తీరిగ్గా, పిల్లాడికి కిటికీ పక్కన సీటిస్తే వాడికి అదో ఎగ్జిబిషన్. వచ్చేటప్పుడు ఇంకేదైనా పట్టుకోండి. వెళ్లిన దాంట్లోనే తిరిగి రావాలని రూలేమీ లేదు కదా, కారు తీసుకెళ్తేనే ఆ బంధం.

క్యాబ్_అన్న:

నేను క్యాబ్ నడుపుతా. ఆఖరి మాట బాగా చెప్పారు, దానికి నేను ఇంకో ముక్క కలుపుతా.

రాత్రి పదింటికి ఎగ్జిబిషన్ గేటు ముందు నిలబడి క్యాబ్ బుక్ చేస్తారు, ఒకడు ఒప్పుకుంటాడు, పది నిమిషాలయ్యాక రద్దు చేస్తాడు, మీరు వాణ్ని తిడతారు. మా వైపు నుంచి చూడండి. ఆ గేటు దాకా రావడానికే అరగంట, ఆ అరగంటకి మాకు ఎవరూ పైసా ఇవ్వరు, దగ్గరికొచ్చాక పోలీసాయన ఆపనివ్వడు, ముందుకి తోలేస్తాడు, మీరేమో ఫోన్లో "ఎక్కడున్నావు, బెలూన్లాయన పక్కనే నిల్చున్నాం" అంటారు. అక్కడ బెలూన్లాయనలు ఇరవై మంది ఉంటారు. నల్లగండ్ల అంటే మాకు మంచి దూరం, వద్దనే డ్రైవర్ ఉండడు. గేటు ముందు పిన్ పెడితేనే భయం.

కాబట్టి గాంధీభవన్‌లో మెట్రో ఎక్కి మూడు నాలుగు స్టేషన్లు వచ్చేయండి. లకడీకాపూల్ గానీ ఖైరతాబాద్ గానీ. అక్కడ దిగి బుక్ చేయండి, ఐదు నిమిషాల్లో బండి వస్తుంది, నిలబడడానికి చోటు ఉంటుంది, ఎగ్జిబిషన్ ట్రాఫిక్ వెనకపడిపోయి ఉంటుంది కాబట్టి రేటు కూడా మామూలుగా చూపిస్తుంది. అమీర్‌పేట రాకముందే దిగిపోతారు కాబట్టి ఆ తోపులాటా ఉండదు. ఒకటి గుర్తుంచుకోండి, మీరు ఐదుగురు. మామూలు కారులో నలుగురికే చోటు, పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, అప్పుడు గొడవ. పెద్ద బండి బుక్ చేసుకోండి, జాడీలకి కూడా చోటుంటుంది.

స్టీరింగ్_నాదే:

అంటే రైలు, తర్వాత నడక, తర్వాత మెట్రో, తర్వాత క్యాబ్. ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నారా, తీర్థయాత్రకి వెళ్తున్నారా?

పట్టాల_పిచ్చోడు:

కారు వెనక ఇంకో కారు పెడితే ఆయన వచ్చేదాకా చేసేది తపస్సే కదా గురూ, యాత్ర మాదైతే తపస్సు మీది.

కేపీహెచ్‌బీ_శ్రీమతి:

నవ్వాపుకోలేకపోయాను. స్టీరింగ్ గారి మాటలో ఒక పాయింటు ఉంది మాత్రం, పెద్దవాళ్లకి మాటిమాటికీ ఎక్కడం దిగడమే అలసట, దూరం కాదు. క్యాబ్ అన్న చెప్పింది మంచి ఉపాయమే కానీ లకడీకాపూల్‌లో మళ్లీ లిఫ్టు కోసం ఆగాలి, కిందకి దిగాలి, రోడ్డు పక్కన నిలబడాలి. మెట్రోలో సీటు దొరికిందంటే మాత్రం మియాపూర్ దాకా కదలకండి. సీటు దొరకలేదంటే అప్పుడు దిగిపోండి. బండి ఎక్కాక తేల్చుకోవచ్చు. కాకపోతే కారు మియాపూర్‌లో ఉంటే క్యాబ్‌కి కూడా మియాపూరే చెప్పాలి, అది మర్చిపోకండి.

ఇంకొకటి, ఆడవాళ్లు ముగ్గురున్నారు కాబట్టి చెప్తున్నా. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి మనకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. లింగంపల్లి వైపు నుంచి కోఠి బస్సులున్నాయి. ఆదివారం సాయంత్రం అమ్మగారితో బస్సెక్కమని నేను చెప్పను గానీ, మీ మరదలు స్నేహితులతో ఇంకోసారి వెళ్లాలనుకుంటే పనికొస్తుంది.

గోషామహల్_పాతకాపు:

జాడీల దగ్గరే కథంతా ఆగింది కాబట్టి ఒక మాట. ఎగ్జిబిషన్‌లో జాడీలు బాగుంటాయి, కాదనను. కానీ పక్కనే బేగంబజార్ ఉంది. సామాన్లూ జాడీలూ ఏడాదంతా అక్కడే, నాలుగైదు కొంటే బేరం కూడా బాగా కుదురుతుంది. ఆవకాయకి ఇంకా ఏప్రిల్, మే దాకా టైముంది. మార్చిలో ఏదో ఒక పని రోజు పొద్దున్నే పదకొండు లోపు అమ్మగారిని కారులో తీసుకొచ్చి, కొనిపించి, తీసుకెళ్లండి. ఎగ్జిబిషన్ అయిపోతే మా రోడ్లు మళ్లీ రోడ్లవుతాయి. ఎగ్జిబిషన్‌లోనే కొనాల్సిందే అంటే ఆఖరి వారంలో రండి, సరుకు తిరిగి మోసుకుపోవడం ఇష్టంలేక చాలామంది రేటు దించుతారు, అదీ మంగళ, బుధవారాల్లో. అప్పుడు కారులో వచ్చినా మేమేమీ అనం.

సంక్రాంతి సెలవుల్లో వచ్చి ఉంటే ఇంకా సుఖంగా ఉండేది. ఊరు ఊరంతా ఆంధ్రా వైపు వెళ్లిపోతుంది, మెహిదీపట్నం నుంచి ఇక్కడికి బ్రేకు మీద కాలు పెట్టకుండా వచ్చేస్తారు. లోపల జనం ఉంటారు, అది వేరే విషయం.

నల్లగండ్ల_నివాసి:

సంక్రాంతికి మేమూ ఊరెళ్లిన వాళ్లమే అన్నా, ఖాళీ రోడ్లు మీకు వదిలేసింది మాలాంటి వాళ్లే.

ఇంట్లో కూర్చుని అన్నీ చదివి వినిపించాను. అమ్మ మొదట బేగంబజార్ మాటకి ఒప్పుకోలేదు, "ఎగ్జిబిషన్‌కి వెళ్లి ఉత్త చేతులతో రావడమేంటి" అంది, తర్వాత బేరం కుదురుతుంది అన్న ముక్క దగ్గర మెత్తబడింది. జాడీలు మార్చికి వాయిదా. ఒక చిన్నది మాత్రం కొంటానంది, సరేనన్నాను.

ఎంఎంటీఎస్ నాకు బాగా నచ్చింది కానీ లింగంపల్లిలో మనకి కావాల్సిన ప్లాట్‌ఫాంకి వంతెన దాటాల్సొస్తుందేమోనని అమ్మ కంటే ముందు మా ఆవిడ వద్దంది. కాబట్టి మియాపూర్ దాకా కారు, అక్కణ్నించి మెట్రో. మూడింటికి ఇంట్లో బయల్దేరి నాలుగున్నర లోపు లోపలుంటాం. ఎనిమిదిన్నరకల్లా బయటికొచ్చేస్తే రద్దీకి ముందే ఎక్కేస్తాం, బాబు కూడా సగం మెలకువలో ఉంటాడు. కార్డులు ఇప్పుడే తీశాను, ఉన్నవి మూడు, ఒకదాంట్లో 14 రూపాయలున్నాయి. ఇంకో రెండు రేపు తీసుకుంటాను.

దిల్‌సుఖ్‌నగర్_దాదా:

నేను మొదటి లైనులో చెప్పిందే కదా ఇది. ఇంత చర్చ అయ్యాక మెట్రోకే వచ్చారు.

స్టీరింగ్_నాదే:

కారు కూడా ఉంది కదా తమ్ముడూ, మియాపూర్ దాకా. సగం నేనే గెలిచా.

ఉప్పల్_ఉమ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేము ఉప్పల్ నుంచి వెళ్లాలి, ఇద్దరమే, పిల్లలు లేరు, సామాను కొనేది లేదు. బ్లూ లైన్‌లో అమీర్‌పేట వెళ్లి మారడమేనా, ఇంకో దారి ఉందా?

పట్టాల_పిచ్చోడు:

ఉంది, చాలామంది వాడరు. బ్లూ లైన్‌లో పరేడ్ గ్రౌండ్ దాకా రండి, అక్కడ దిగి గ్రీన్ లైన్‌కి మారి ఎంజీబీఎస్ వెళ్లండి, అక్కడ రెడ్ లైన్ మియాపూర్ వైపు బండి ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ, తర్వాత గాంధీభవన్. రెండుసార్లు మారాలి గానీ గ్రీన్ లైన్ బండ్లలో కూర్చోవడానికి చోటుంటుంది, అమీర్‌పేట ముఖం చూసే పని లేదు. మీరిద్దరే కాబట్టి ఇంకా సులువైనది చెప్పాలంటే, రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠి వెళ్లే బస్సెక్కి కోఠిలో దిగండి. అక్కణ్నించి మొజంజాహీ మార్కెట్ మీదుగా నడుచుకుంటూ వెళ్లొచ్చు. దారిలో ఐస్‌క్రీం ఉంటుంది, తిరిగొచ్చేటప్పటికి ఆ దుకాణాల దగ్గర వరస పెరిగిపోతుంది కాబట్టి వెళ్లేటప్పుడే తినేయండి.